తెలుగు అరలో పడవ పలక

బరంపురం,
సెప్టెంబరు 9, సోమవారం.

నుండి:
బాబూరావు, వయస్సు 63 సంవత్సరములు,
కొబ్బరి తాళ్ల హోల్‌సేల్ వ్యాపారి, పెద్ద బజారు, బరంపురం.
(అంకులి ప్రజా పఠన మందిరం, సభ్యత్వ సంఖ్య 88)

వారికి:
పఠన మందిరముల పై అధికారి గారు,
బరంపురం, గంజాం జిల్లా.

విషయం: స్థానిక కళాకారుల ప్రదర్శన నిమిత్తం అంకులి ప్రజా పఠన మందిరమునకు తెచ్చిన ఒక పడవ పలకను పుస్తకముగా నమోదు చేసుకొని తిరిగి ఇవ్వకపోవుట – సదరు పలకను సదరు పడవకు ఇప్పించుట గురించి.

సూచిక: ఇదే విషయమై నేను సమర్పించుకొనిన అర్జీలు మూడు. వాటికి తమరి కార్యాలయం నుండి వచ్చిన జవాబులు: లేవు.

అయ్యా,

ఇంతకు ముందు మూడు అర్జీలు ఒడియాలో పెట్టుకున్నాను. కోర్టు దగ్గర టైపు చేయించి, మార్జిన్లు వదిలి, తప్పుల్లేకుండా చూసుకొని మరీ ఇచ్చాను. మూడుసార్లూ తమరి కార్యాలయంలో "కాలి ఆసంతు" అన్నారు, అనగా రేపు రండి అని. జూన్ నెలలో చెప్పిన ఆ రేపు సెప్టెంబరు వచ్చినా తెల్లవారలేదు. కనుక ఈ నాలుగవ అర్జీని నా మాతృభాషలో సమర్పించుకొనుచున్నాను. ఎలాగూ చదవరని తేలిపోయాక భాష మార్చినందువల్ల నాకు వచ్చే నష్టం లేదు. చెవిటివాని ముందు ఊదే శంఖం కనీసం సొంతదైతే ఊదేవాడికి సుఖం.

1. గత మే నెలలో సదరు పఠన మందిరం నోటీసు బోర్డు మీద ఒక ప్రకటన వెలసినది. స్థానిక కళాకారులు తమ కృతులను పది దినములు అక్కడ ప్రదర్శించుకొనవచ్చుననియు, తద్వారా కళలు వర్ధిల్లుననియు, పాఠకుల సంఖ్య పెరుగుననియు అందులో ఉన్నది. పాఠకుల సంఖ్య గురించి తమరి ఆందోళన న్యాయమైనదే. ప్రతి ఉదయం అక్కడికి వెళ్లేవారం ఇద్దరం. నేను పేపరు చదవడానికి వెళతాను, రెండవ ఆయన నిద్రపోవడానికి వస్తాడు.

2. ఇక కళాకారుని సంగతి. రామయ్యపట్నం వాస్తవ్యుడు మసేను వృత్తిరీత్యా మత్స్యకారుడు. పాతికేళ్లుగా నా దుకాణంలో తాడు తీసుకుంటున్నాడు. తమరు సముద్రం దగ్గరికి ఫొటో దిగడానికి తప్ప వెళ్లి ఉండరు గనుక ఒక మాట మనవి చేస్తాను. అతనిది కుట్టు పడవ. దానికి మేకులుండవు. పలక పక్కన పలక చేర్చి, అంచుల వెంట రంధ్రాలు పెట్టి, కొబ్బరి తాడుతో కుడతారు. ఏటేటా ఎండాకాలంలో కుట్లు విప్పి, పలకలు ఆరబెట్టి, కొత్త తాడుతో మళ్లీ కుట్టుకుంటారు. విప్పిన ఆ రోజుల్లోనే మసేను పడవ ముందరి పలక మీద బొమ్మలు వేస్తాడు. ఏడాది తిరిగేసరికి ఉప్పునీరు కడిగేస్తుంది. అతను మళ్లీ వేస్తాడు. ఇరవై ఏళ్లుగా ఇదే వరస. వేయమని ఎవరూ అడగలేదు, బాగుందని కూడా ఎవరూ అనలేదు.

ఈ ఏడాది మాత్రం చూసినవాళ్లు ఆగిపోయారు. ఆరడుగుల పలక మీద, ఒడ్డున నిలబడి అలివి వల లాగుతున్న రేవంతా ఉంది. తాడు పట్టి వెనక్కి వాలిన మగవాళ్లు, గంపలు పక్కన పెట్టుకొని కాచుక్కూర్చున్న ఆడవాళ్లు, వలలోంచి జారిపోయిన చేప వంక బెంగగా చూస్తున్న కుక్క. ఒక మూల తాడు చుట్ట భుజాన వేసుకొని, చెప్పులు చేత్తో పట్టుకొని, బొజ్జ మోసుకుంటూ ఇసుకలో నడుస్తున్న షావుకారు ఒకడు. అది నేను. అరవై మూడేళ్లలో నా బొమ్మ ఒకరు వేయడం అదే మొదలు. నా భార్య భారతీదేవి ఆ బొజ్జను చూసి, పోలిక కుదిరిందని పొయ్యి మీద పాలు పొంగిపోయేదాకా నవ్వింది.

పైన పడవ పేరు 'గంగమ్మ తల్లి' అని తెలుగులో ఉంటుంది. మసేనుకు చదువు రాదు. తండ్రి నాడు ఆ పలక మీద రాయించిన అక్షరాల జాడ చూసి బొమ్మలుగానే గీస్తాడు. ఈ అక్షరాలు తరువాత ఎంత పని చేసినవో తమరే చిత్తగింతురు.

3. ఈ అంశం నా మీద నేను చేసుకొనుచున్న ఫిర్యాదు. ప్రకటన సంగతి మసేనుకు చెప్పినది నేనే. పలక ఫొటో అతని కూతురు రింకి ఫోనులో ఉంది. అది పంపితే చాలు గదా అన్నాడతను. నేను ఊరుకోవచ్చు. కానీ నాకు నియమములు చదివే రోగం ఉన్నది. అసలు కృతులను మాత్రమే తేవలెను, ఫొటోలు, నకళ్లు స్వీకరింపబడవు అని నాలుగవ నియమం.

"అసలుదంటే పడవే గద బాబూ. పడవని అంకులి తోలుకెల్లమంటారేటి?" అన్నాడు మసేను.

ఎలాగూ కుట్లు విప్పి ఉన్నావు గదా, ఆ పలక ఒక్కటీ తెచ్చిపెట్టు, పది రోజుల్లో తీసుకుపోదువు గాని అన్నాను. చేపల ఆటో మీద కట్టించి తెచ్చాడు. కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే. కాకపోతే కొరివి నాది, తల మసేనుది.

4. ప్రదర్శన దివ్యముగా జరిగినది. పలకను రెండు బల్లల మీద పెట్టారు. పక్కన 'మసేను, చిత్రకారుడు, రామయ్యపట్నం' అని అట్టముక్క మీద రాసి ఉంచారు. ఆ పది రోజులూ అతను ఇస్త్రీ చొక్కా వేసుకొని వచ్చి పలక పక్కన నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు. ఎవరు వేశారని ఎవరైనా అడిగితే నేనని చెప్పడానికి సిగ్గుపడి ఆ అట్టముక్క చూపించేవాడు. నేను అతన్ని పాతికేళ్లుగా ఎరుగుదును. అంత సంతోషంగా ఉండగా చూసినది ఆ పది రోజులే.

5. ఎనిమిదవ దినమున పఠన మందిరం ఇన్‌చార్జి రామమూర్తి గారు తమరి తనిఖీ వస్తున్నదని రిజిస్టర్లు దులిపారు. ఏడు దినములు మించి పఠన మందిరంలో ఉన్న గ్రంథ సామగ్రి యావత్తూ రిజిస్టరులో ఎక్కవలెనని ఒక నియమం ఉన్నదట. అదిగాక అక్కడ తెలుగు అర అని ఒకటి ఉన్నది. పదకొండేళ్లుగా అందులో చీపురు కాపురం ఉంటున్నది. ఖాళీ అరను తమరికి చూపించలేక కంగారుపడుతున్న రామమూర్తి గారి కంటికి పలక మీది తెలుగు అక్షరాలు కనిపించాయి. రిజిస్టరులో చేరిన వివరం ఇది:

క్రమ సంఖ్య: 4417. గ్రంథ నామం: గంగమ్మ తల్లి. గ్రంథకర్త: మసేను. భాష: తెలుగు. విషయం: మత్స్య పరిశ్రమ. పుటలు: 2 (ముందు, వెనుక). అట్ట: చెక్క. స్థితి: మంచిది.

తెలుగు అర భర్తీ అయినందుకు తమరు సంతృప్తి వెలిబుచ్చి, కొబ్బరి నీళ్లు తాగి, సంతకం పెట్టి వెళ్లారట. ముప్పై ఏళ్లుగా ఒక్క తెలుగు పుస్తకం తెప్పించండి మహాప్రభో అని అక్కడి సలహాల పెట్టెలో నేను చీటీలు వేస్తూనే ఉన్నాను. ఇన్నాళ్లకు ఒకటి వచ్చింది. అది అరలో పట్టక, ప్రదర్శన ముగిసిన రాత్రి బీరువా మీద పడుకోబెట్టారు.

పుస్తకమైన పిమ్మట ముద్రలు తప్పవు గదా. మొదటి పుట మీద ఒకటి, చివరి పుట మీద ఒకటి, దొంగలకు తెలియకుండా మధ్యలో రహస్య పుట మీద ఒకటి, వెరసి మూడు గుండ్రటి ముద్రలు వేయాలని నియమం. పలకకు తిప్పే పుటలు లేవు గనుక రామమూర్తి గారు ఆ రాత్రే మూడింటినీ బొమ్మ మీదే వేశారు. ఒకటి చేప ముఖం మీద పడింది. ఒకటి సముద్రంలో పడింది. రహస్య ముద్ర నా బొజ్జ మీద పడింది.

6. ఈ భాగ్యం మసేను ఒక్కడికే దక్కలేదు. సాయిసుధ అను కళాశాల విద్యార్థిని వేసిన చిలకల పటమునకు కూడా నంబరు పడినది. దానిని ఒక సభ్యుడు పద్నాలుగు దినములకు అరువు తీసుకుపోయి, కొత్త ఇంటి గృహప్రవేశంలో గోడకు పెట్టుకొని, భోజనాలయ్యాక పసుపు చేతి గుర్తులతో తెచ్చి ఇచ్చినాడు. ఆ అమ్మాయి ఇంకొక చిలకను వేసుకోగలదు. పడవకు అలా కుదరదు.

7. పదకొండవ దినమున మసేను ఆటో తెచ్చుకున్నాడు. రామమూర్తి గారు చెడ్డవారు కారు. వచ్చే మార్చిలో రిటైరవుతారు. అప్పటివరకు ఏ కాగితమూ తన మీద పడకుండా ఉంటే చాలునని వారి కోరిక.

"రిజిస్టర్లో ఎక్కిపోనాది బాబూ. ఇచ్చెత్తే నా పెన్సను ఆపేత్తారు. నానేటి సేత్తాను?" అన్నారు నాతో.

మసేను ముద్రల వంక చాలాసేపు చూశాడు. "ఇవి సర్కారువి గద బాబూ. అయితే మా పడవ సర్కారుదైపోనాదా?" అని అడిగాడు. ఖాళీ ఆటో మీద ఇంటికి వెళ్లిపోయాడు.

8. ఒక పలక పోతే ఇంకొకటి వేసుకోరాదా అని తమరికి అనుమానం రావచ్చును. అది మసేను తాత నాటి మామిడి చెక్క. పక్క పలకల రంధ్రాలకు దాని రంధ్రాలు మాత్రమే సరిపోతాయి. అలా కొలిచి చేయగలిగిన వడ్రంగి పోతయ్య పోయి నాలుగేళ్లయింది. కొత్త చెక్క ఆరి ఉప్పునీటికి నిలవడానికి ఏడాది కావాలి. ఇప్పుడు వానలు వెనకబట్టి సముద్రం దారికి వస్తున్నది. నెత్తళ్ల చేపలు ఒడ్డుకు చేరే రోజులివే. ఆ ఒక్క పడవ మీద పదకొండు కుటుంబాలు బతుకుతున్నాయి. పడవ మాత్రం ముందు పళ్లు ఊడినట్టు ఇసుకలో కూర్చుని ఉన్నది.

9. రామమూర్తి గారితో సంప్రదించి మార్గాలు వెతికాను. మొదటిది, సభ్యుడిగా నేను పలకను అరువు తీసుకోవడం. పద్నాలుగు దినములకొకసారి గ్రంథమును స్వయముగా తెచ్చి చూపి గడువు పొడిగించుకోవాలట. అంటే రెండు వారాలకొకసారి పడవ కుట్లు విప్పి, పలకను అంకులి తెచ్చి, సంతకం పెట్టి, మళ్లీ తీసుకుపోయి కుట్టాలి. తాడు వ్యాపారిగా నాకిది లాభసాటి బేరమే. కానీ మనిషిని కూడాను.

రెండవది, గ్రంథమును రద్దు చేయడం. చెదలు తిన్నవి, అక్షరములు పూర్తిగా మాసిపోయి చదువుటకు వీలుకానివి మాత్రమే రద్దుకు అర్హములు. రద్దయిన గ్రంథమును ఎవరైనా మోసుకుపోవచ్చును. మసేను పలకకు పూసిన రంగు మంచిది. అతని దురదృష్టం కొద్దీ ఎక్కడా మాయలేదు.

10. మసేను భార్య కాసమ్మ రోజూ చేపలమ్ముకోవడానికి బరంపురం వస్తుంది. అమ్మకం అయ్యాక ఖాళీ గంపతో నా దుకాణం మెట్ల మీద కూర్చుంటుంది. ఇప్పుడు అమ్మేవి వేరే పడవల చేపలు. తిట్టదు, ఏడవదు. తిడితే నాకు కొంత సుఖంగా ఉండేది.

"సావుకారు బాబూ, మా పలక పుస్తకమైపోనాదట గద. అందులో ఏటి రాసున్నాదో ఒకసారి సదివి సెప్పండి" అన్నది మొన్న.

లోపల వింటున్న భారతీదేవి వెంటనే అందుకుంది. "ఆయన సదివి సెప్పబట్టే గదే ఇంతా జరిగింది. ఇంక సదవమనకు."

నాలుగు నెలలుగా మా ఇంట్లో ఇదే మాట. అన్నం కూడా నాకు నియమ నిబంధనలకు లోబడి పెడుతున్నారు.

కావున తమరిని ప్రార్థించునదేమనగా:

(అ) సదరు పలక గ్రంథం కాదని, చెక్క అని తెలియజేయు ఉత్తర్వు ఒకటి ఇప్పించవలెను. చెక్క అవునో కాదో నిర్ధారించుటకు కమిటీ అవసరమైన పక్షమున వడ్రంగులను కూడా అందులో చేర్చవలెను.

(ఆ) అది వీలుకానిచో, ముద్ర పడిన గ్రంథం అమర్చి ఉన్నందున మసేను పడవ మొత్తమును సంచార పఠన మందిరముగా ప్రకటించవలెను. అప్పుడు గడువు పొడిగింపునకు గ్రంథం అంకులి రానక్కరలేదు. తమరే తెప్ప మీద వెళ్లి తనిఖీ చేయవచ్చును. కొబ్బరి నీళ్లు అక్కడా దొరుకుతాయి.

(ఇ) అదియును వీలుకానిచో, ఇతర కార్యాలయములలో పని లేక ఉన్న చెదపురుగులను కొన్నింటిని సదరు పలక మీదికి డిప్యుటేషను పంపవలెను. ఫైళ్లు తిని అలవాటుపడినవి గనుక త్వరగా పని ముగిస్తాయని నమ్ముచున్నాను.

వేళాకోళం చాలించి చెప్పుకుంటున్నాను. ఆ మనిషి పలక ఆ మనిషికి ఇప్పించండి. అతను చేసిన తప్పు నా మాట వినడం ఒక్కటే.

రేపు అనునది ఎప్పుడైనా వచ్చినచో, ఆనాడైనా చిత్తగించవలెను.

వేరే దారి లేనందున ఇప్పటికీ తమ విధేయుడు,
బాబూరావు

తా.క.

పై అర్జీ సోమవారం రాశాను. ఇది రాస్తున్నది ఆదివారం. మధ్యలో జరిగినది చెబుతాను.

మంగళవారం మసేను దుకాణానికి వచ్చాడు. కాసమ్మ కూడా ఉంది. అర్జీ బాగా కుదిరిందని నాకు లోపల గర్వంగా ఉండి, ఇద్దరినీ కూర్చోబెట్టి మొత్తం చదివి వినిపించాను. చెదపురుగుల దగ్గర కాసమ్మ కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. మసేను నవ్వలేదు.

"ఆ తొమ్మిదోది మళ్లీ సదవండి బాబూ" అన్నాడు.

చదివాను. కాస్త నాటకీయంగా కూడా చదివాను.

"అచ్చరాలు పోతే ఇచ్చేత్తారేటి?"

"రూలు అలాగే ఉంది" అన్నాను. అతను లేచి, తాడు చుట్ట ఒకటి భుజాన వేసుకొని వెళ్లిపోయాడు.

బుధవారం ఉదయం రామమూర్తి గారు ఫోను చేశారు. "బేగి రండి బాబూ. ఈడు నా మాట ఇనడం లేదు."

వెళ్లేసరికి పలక బీరువా మీద నుంచి దిగి మళ్లీ ఆ రెండు బల్లల మీదే ఉంది. మసేను ఆ ఇస్త్రీ చొక్కాతోనే ఉన్నాడు. పడవ అడుగున పట్టే గుల్లలు గీకే ఇనప రేకుతో తన బొమ్మను తానే గీకేస్తున్నాడు. పడవ పేరు అప్పటికే పోయింది. తాడు లాగే మగవాళ్లు పోయారు, గంపలు పోయాయి, కుక్క సగం ఉంది. నేల నిండా రంగు పొట్టు. రోజూ నిద్రపోయే పాఠకుడు లేచి నిలబడి చూస్తున్నాడు.

"ఆపు మసేనూ" అన్నాను.

"అయిపోవొచ్చింది బాబూ. ఏది అచ్చరమో ఏది బొమ్మో నాకేటి తెల్సు, అంతా గీకేత్తన్నాను" అన్నాడు. కుక్కను ముగించి మూలకు వచ్చాడు. అక్కడ నేను చెప్పులు పట్టుకొని నడుస్తున్నాను. ఒకసారి తలెత్తి నా వంక చూశాడు. "మీరొక్కలే ఉండిపోనారు. ఏటనుకోకండి" అని నన్నూ గీకేశాడు.

రామమూర్తి గారు కళ్లజోడు పెట్టుకొని పలక ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశారు. రిజిస్టరులో 4417 ఎదుట 'చదువుటకు వీలుకాదు' అని రాశారు. పలక మూలన వేసిన 'రద్దు' ముద్ర వంకరగా పడింది. తెలుగు అర మళ్లీ ఖాళీ అయింది. చీపురుకు చోటు దొరికింది.

పడవను శుక్రవారం కుట్టారు. శనివారం నీటిలోకి దింపారు. నెత్తళ్లు బాగానే పడ్డాయని చెప్పి కాసమ్మ మా ఇంటికి గంపెడు తెచ్చిపెట్టింది. భారతీదేవి వండింది. నేను చారుతో సరిపెట్టుకున్నాను. రంగు డబ్బాలు నాలుగు కొనుక్కొని ఈ రోజు ఉదయం రామయ్యపట్నం వెళ్లాను. మసేను వాటిని మర్యాదగా పక్కకు జరిపాడు.

"బొమ్మేత్తే మళ్లీ పుస్తకమంటారు బాబూ" అన్నాడు.

కాబట్టి పై ప్రార్థనలు మూడూ ఉపసంహరించుకుంటున్నాను. నియమం చదివి వినిపించి ఒకసారి, అర్జీ చదివి వినిపించి ఒకసారి, ఆ మనిషిని చెడగొట్టింది నేనే గనుక తమరిని ఎక్కువ అనడానికి నాకు నోరు లేదు. అయినా ఈ కాగితం పంపుతున్నాను. తమరు ఎప్పుడైనా రామయ్యపట్నం వస్తే ఆ పడవను పోల్చుకోవడం తేలిక. రేవులో రంగు లేనిది అదొక్కటే. గీకేటప్పుడు మసేను తమరి ముద్రలు మూడింటినీ ముట్టుకోలేదు, సర్కారువి గదా అని భయపడి చుట్టూ తిప్పి గీకాడు. బోడి పలక మీద అవి అలాగే ఉన్నాయి. ఒకదాని లోపల చేప కన్ను ఉంది. ఒకదానిలో జానెడు సముద్రం ఉంది. మూడోదానిలో నా బొజ్జ ఉంది.